నిప్పురవ్వయు నోటిమాటయు

ఊరి పంచాయతీ కచేరి అరుగుమీద రేడియో పెట్టి సాయంకాలపు వార్తలు ఊరందరికిని వినిపించుచుండిన దినముల నెరిగినవారికి ఒక సంగతి జ్ఞాపకముండియే యుండును. వార్తలు చదువువారి కంఠము స్పష్టముగా వినవచ్చుచుండగా, వీధివెంట ఎవరిదో పెట్రోలు మోటారు సైకిలు పోయెనా, ఆ కంఠమునకు అడ్డముగా గరగరమని యొక ధ్వని లేచి, బండి దూరమగుకొలది సన్నగిల్లి, మలుపు తిరిగిన పిదప మాయమగుచుండెను. బస్తాల బరువుతో మూలుగుచు పోవు డీజిలు లారీ అంత పెద్దదయ్యును రేడియోను కదలించెడిది కాదు; చిన్న మోటారు సైకిలు మాత్రము వార్తను సగములో మ్రింగివేసెడిది. కారణమేమనగా, డీజిలు ఇంజనులో నూనె ఒత్తిడివలన పుట్టిన వేడిమిచేతనే మండును. పెట్రోలు ఇంజనులోనన్ననో, మంట పుట్టిన ప్రతిపర్యాయమును విద్యుత్తుచే ఒక నిప్పురవ్వ రాలవలెను. అరుగుమీది రేడియోలో గరగరయై వినిపించినది ఆ రవ్వయే.

ఈ నిప్పురవ్వకును రేడియోకును గల చుట్టరికము మిక్కిలి పాతది. 1887-88 సంవత్సరములలో జర్మనీ దేశమున కార్ల్స్‌రూహె నగరములో హైన్రిఖ్ హెర్ట్జ్ రెండు లోహపు గుండ్ల నడుమ నిప్పురవ్వ పుట్టించి, దూరముగా పట్టిన తీగచుట్ట సందున దానికి ప్రతిరవ్వ మినుకుమనుట చూచి, విద్యుదయస్కాంత తరంగములు కలవని లోకమునకు ఋజువు చేసెను. 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్ర బోసు అట్టి తరంగముల సాయముననే గోడ కావలనున్న గంటను మ్రోగించి, మందుగుండును ప్రేల్చి చూపెను. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రమున కొక యొడ్డున నుండి, రెండవ యొడ్డున పుట్టిన రవ్వల సడిని వింటినని ప్రకటించెను. ఆ సడి మోర్సు సంకేతములో మూడు చుక్కలు, అనగా ‘ఎస్’ అను నక్షరము. కావున తొలి ప్రసారయంత్రము నిప్పురవ్వయే యైనది. మోటారు బండి బానెట్టు క్రింద నిమిషమునకు వేలసార్లు పుట్టి నశించు రవ్వయు ఆ జాతిదే గనుక, ప్రతి పెట్రోలు బండియు తానెఱుగకయే యొక ప్రసారకేంద్రమై, అర్థములేని యొకే కేకను దారిపొడవునను వెదచల్లుచు పోవుచున్నది. అట్టి బండిలోనే కూర్చుండి, అల్పమైన నాలుగు వాట్ల శక్తితో కొండమలుపు కావలనున్న తోడివానితో మాటాడవలెనని మనుష్యుడు కోరెను. అమెరికాదేశపు కొండదారులలో జీపులు తోలువారు సిటిజన్స్ బ్యాండ్ రేడియోను, వాడుకలో సీబీ రేడియో అనుదానిని, తమ బండ్లలో నెట్లు బిగించుకొనిరో చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. ఇది చూపునకు పనివాండ్ర విషయమే. కాని ఆ బిగింపులోని ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క చరిత్ర కలదు.

బండిలోని రేడియో మొదట వినోదముకొఱకే పుట్టినది. షికాగోకు చెందిన పాల్ గాల్విన్ అను వర్తకుడు 1930 జూన్ నెలలో అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల సభకు, తన స్టూడిబేకరు కారులో రేడియో నమర్చుకొని వెళ్లి, సభామండపము వెలుపలనే ఆ కారును నిలిపి, పాటలు మ్రోగించి దారిని పోవువారిని పిలిచెను. ఆ రేడియోకు మోటారోలా అని పేరు పెట్టెను. తరువాతి కాలమున ఆ పేరే వాని కంపెనీకి స్థిరపడెను. వానికిని వాని పనివారికిని ఎదురైన మొదటి శత్రువు పాట రాకపోవుట కాదు, రవ్వ మానకపోవుట. ప్రతి స్పార్కు ప్లగ్గునకును విద్యుత్తు పోకడను కొంత యరికట్టు నిరోధకమును, డైనమోవద్ద కండెన్సరును తగిలించి వారు ఆ గరగరను అణచిరి. రెండవ శత్రువు అగ్ని. గాల్విన్ అప్పు కోరి యొక బ్యాంకు అధికారి ప్యాకార్డు కారులో రేడియో పెట్టించగా, అరగంటలోనే ఆ కారు అంటుకొనెనని యొక కథ నేటికిని ఆ వ్యాపారముతోపాటు చెప్పుకొనబడుచున్నది. కథలో అతిశయమెంత యున్నను, కాలినది బండియే యనుటలో మాత్రము సత్యమున్నది: ఏలయన రేడియో పెట్టె తానుగా కాలుట అరుదు, దానికి విద్యుత్తు మోయు తీగయే కాలును, తీగ కాలిన బండి కాలును.

వినోదమునకు తరువాత రక్షణశాఖలు వచ్చినవి. 1928లో డెట్రాయిట్ పోలీసులు తమ కార్లలో రేడియోలు పెట్టిరి. కాని అవి వినుటకే గాని బదులు చెప్పుటకు పనికిరావు. ఆజ్ఞ విన్న కానిస్టేబులు బదులు చెప్పవలెనన్న కారు దిగి టెలిఫోనుకొఱకు వెదకికొనవలసినదే. 1933లో న్యూజెర్సీ రాష్ట్రపు బయోన్ పట్టణమున పోలీసు కార్లు మాటాడుటకును నేర్చినవి. సరిగా ఆ సంవత్సరముననే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను మహామేధావి ఎఫ్ఎమ్ అను నూతన పద్ధతికి పేటెంటులు పొందెను. ఆ పద్ధతిలోని కీలకమును తెలియక ఈ చరిత్ర తెలియదు గనుక ఒక్క మాటలో చెప్పెదను. పాత పద్ధతియగు ఏఎమ్‌లో తరంగపు ఎత్తుపల్లములే మాటను మోయును. నిప్పురవ్వయు ఎత్తునే పెంచును గనుక, ఏది మాటయో ఏది రవ్వయో యంత్రము వేఱుచేయలేదు. ఎఫ్ఎమ్‌లో మాట తరంగముల వడిలో నిమిడియుండును. ఎత్తును ఎంతవఱకైన కత్తిరించి పారవేయవచ్చును. మృదంగపు దెబ్బ బలమునుబట్టి సంజ్ఞను గ్రహించువానికి ప్రక్కన తలుపు ధడాలుమన్నచో సంజ్ఞ చెడును. లయనుబట్టి గ్రహించువానికి చెడదు. 1940లో డేనియల్ నోబుల్ అను ఆచార్యుడు కనెక్టికట్ రాష్ట్రపు పోలీసులకు ఎఫ్ఎమ్ రేడియోల నమర్చి, పరుగెత్తు కారులో మాట ఎంత నిర్మలముగా నుండగలదో చూపెను. పిదప గాల్విన్ కంపెనీ వానిని తనయొద్ద చేర్చుకొనెను.

అంతలో యుద్ధము వచ్చెను. యుద్ధముతో జీపు వచ్చెను. 1941 నుండి యుద్ధము ముగియువఱకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులను నిర్మించెను. సైన్యపు యుద్ధశకటములకును జీపులకును ఎఫ్ఎమ్ రేడియోలు పెక్కు ఎక్కినవి. ఆర్మ్‌స్ట్రాంగ్ యుద్ధకాలమున తన పేటెంటులపై సైన్యమునొద్ద రాయల్టీ పుచ్చుకొనలేదు. అయినను సైన్యము ఎఫ్ఎమ్‌ను నమ్మి యూరకుండలేదు. మైలు దూరములో శత్రువు చెవి యొగ్గి యుండగా, తన బండియే కేక వేయుట ఎట్లు సహింతురు? అందుచేత జీపు ఇంజనులోని రవ్వతీగలకు నిరోధకములును, డైనమోకును దాని నియంత్రకమునకును కండెన్సరులును తగిలించి, బానెట్టును ఒడలితోను, ఇంజనును చట్రముతోను జడవలె అల్లిన రాగిపట్టీలతో కలిపి బంధించిరి. రంగు పూసిన రేకులు ఒండొంటికి తగిలియున్నట్లు కంటికి కనబడినను, విద్యుత్తు చూపునకు అవి వేర్వేఱు ముక్కలే. విడివిడిగా నున్న ప్రతిముక్కయు ఒక చిన్న ఏరియలై ఇంజను సడిని వెలికి విసరును. అన్నిటిని రాగితో నొక్కటి చేసినచో ఆ ఇనుపకాయమే సడికి పంజరమగును. అట్లు రవ్వ నోరు కట్టిన బండి బానెట్టుపై సంఖ్య చివర ‘ఎస్’ అను నక్షరము వ్రాసెడివారు. అణచుట అను అర్థముగల ఆంగ్లపదమున కది మొదటి అక్షరము. నాలుగు దశాబ్దములకు ముందు సముద్రము దాటి వచ్చెనన్న నిప్పురవ్వల ‘ఎస్’, నోరు కట్టబడిన నిప్పురవ్వకు గుర్తుగా జీపు నుదుట నిలుచుట యాదృచ్ఛికమే. అయినను నా మనస్సునకు మాత్రము అది రేడియో చరిత్రను రెండు అక్షరములలో వ్రాసినట్లు తోచుచుండును.

యుద్ధము ముగియగనే జీపు పౌరుల యింటికి వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చి యమ్మసాగిరి గనుక, బాట యెంత చెడ్డదైనను జీపు పోవునను నమ్మిక మన పల్లెలకును క్రొత్త కాదు. అమెరికాలో నది సేద్యమునకును వేటకును మాత్రమేగాక విహారమునకును సాధనమైనది. కాలిఫోర్నియాలోని జార్జిటౌన్ అను కొండయూరివారు, మార్క్ స్మిత్ మొదలగువారు పూనుకొనగా, 1953 ఆగస్టులో 55 జీపులలో 155 మంది జనముతో రూబికాన్ అను రాళ్లబాటవెంట సియెర్రా నెవాడా పర్వతములను దాటిరి. ఆ బాటలో గ్రానైటు బండలు మెట్లవలె పేర్చినట్లుండును. ఒక్కొక్క మెట్టు జీపు చక్రమంత ఎత్తు. ఒక బండి ఎక్కువఱకు వెనుకనున్నది ఆగవలెను. ముందున్నవాని చక్రము జారెనో, ఇరుసు విరిగెనో, మలుపు వెనుకనున్న వానికి తెలియదు. హారను మ్రోగింతురు, చేయి యూపుదురు, అదియును చాలనిచో ఒకడు రాళ్లపై పరుగెత్తిపోయి చెప్పవలెను. ఆ పరుగునకు మాఱుగా మాట పోగలిగిననాడు ప్రాణములును ఇరుసులును దక్కును. కాని పౌరులకమ్మిన జీపునకు సైన్యపు రాగిజడలు లేవు. వాని అవసరమేమియు కనబడనందున ఖర్చు తగ్గుటకు తీసివేయబడినవి. పౌరులు వానిని తమ చేతులతో మరల నేర్చుకొనవలసిన కాలము ముందున్నది.

పౌరునికి ఆకాశమున కొంత భాగమీయవలెనను తలంపు 1945 నాటిది. ఆ సంవత్సరమే అమెరికా ప్రసారసంఘము 460 నుండి 470 మెగాహెర్ట్జ్ వఱకు గల తరంగములను సామాన్యజనుల రేడియోకు కేటాయించెను. యుద్ధకాలమున శత్రుదేశములలోని గూఢచారులు పైని ఎగురు విమానముతో మాటాడుటకు చేతిరేడియోను నిర్మించిన ఆల్ గ్రాస్ అనునతడు, ఆ క్రొత్త విభాగమునకు తగిన రేడియోను చేసి, 1948లో ప్రభుత్వపు ఆమోదమును మొదట పొందెను. చేతిగడియారములో మాటాడు డిటెక్టివు బొమ్మకథ కూడ వాని పనిశాలను చూచిన చిత్రకారుని ఊహయే. కాని అంత సూక్ష్మతరంగములను పుట్టించుట ఆనాటి గాజు వాల్వులతో కష్టము, ఖర్చు. కొండ అడ్డు వచ్చినచో మాట ఆగును. పదేండ్లకు పైగా ఆ రేడియో సామాన్యుని ఇంట అడుగుపెట్టలేదు. 1958 సెప్టెంబరులో సంఘమువారు అమెచ్యూరు రేడియోవారివద్దనున్న 11 మీటర్ల తరంగవిభాగమును వారు కాదనుచుండగనే తీసికొని, 27 మెగాహెర్ట్జ్ చుట్టును 23 ఛానెళ్లను పౌరులకిచ్చిరి. చౌకగా చేయదగిన ఏఎమ్ యంత్రములే అక్కడ నిలిచినవి. ఇది నా యభిప్రాయమున ఈ కథకంతకును మలుపు. పోలీసులకును సైనికులకును దాదాపు ఇరువది యేండ్ల ముందే అందిన ఎఫ్ఎమ్ వరము సామాన్యునికి అందలేదు; రవ్వకును మాటకును గల పాత కలహమును ఆర్మ్‌స్ట్రాంగ్ తీర్చియుండగా, ఆ కలహమును యథాతథముగా పేదవాని ముంగిట మరల వదలిపెట్టిరి. దానిని తీర్చుకొను భారము వాని తీగలమీద, వాని పానాలమీద పడెను.

ఆ భారమును వారెట్లు మోసిరో చెప్పెదను. మొదట ఏరియలు. 11 మీటర్ల తరంగములో నాలుగవ వంతు, అనగా సుమారు 9 అడుగుల ఉక్కుకమ్మి, ఈ రేడియోకు సహజమైన ఏరియలు. మొదలున స్ప్రింగు కట్టి, వెనుక బంపరునకు బిగించిన ఆ కమ్మి చెట్టుకొమ్మ తగిలినప్పుడెల్ల వంగి మరల లేచుచు, కొండబాట పోవు జీపునకు కొరడా పట్టిన రౌతు ఠీవి నిచ్చుచుండెను. పొట్టి ఏరియలు కావలెనన్నవారు కమ్మిలో కొంత తీగను చుట్టగా చుట్టి ఆ కొఱతను తీర్చిరి. కాని కమ్మి ఏరియలులో సగమే. రెండవ సగము బండి ఇనుపకాయము. కమ్మి మొదలు ఇనుముతో గట్టిగా ‘ఎర్తు’ కానిచో రేడియో ఎంత వెలపెట్టి కొన్నదైనను మూగదే. రంగును గీకి, తుప్పును తుడిచి, పచ్చి యినుము కనబడువఱకు రుద్ది బిగింపవలెను. స్పేరు చక్రపు పట్టీకి ఏరియలు తగిలించినవారు, ఆ పట్టీకిని ఒడలికిని నడుమ అతుకులు కీళ్లవలె కదలుచుండుటచే, బండి కుదిలిన ప్రతిసారియు మాట తెగుట చూచి, ఎట్టకేలకు రాగిజడను తెచ్చి కలిపిరి. సైన్యమువారి రాగిజడ ఇట్లు వేఱొక వాకిట మరల ప్రవేశించినది. పిదప కొలత. ఏరియలునకు సరిపోక వెనుదిరిగివచ్చు తరంగమును కొలుచు మీటరును నడుమ తగిలించి, మొదటి ఛానెలులోను చివరి ఛానెలులోను చూతురు: మొదటిదానిలో హెచ్చుగా నున్నచో కమ్మి పొట్టిది, చివరిదానిలో హెచ్చైనచో పొడుగుది. ఒకటిన్నరకు లోపల నిలిచిన నిష్పత్తి మేలు. మూడు దాటినచో మాటాడుట మాని తప్పు వెదకవలెను. ఏరియలు తగిలింపకయే మైకు మీట నొక్కినవాడు వెలికి పోజాలని శక్తిని రేడియో గుండెమీదికే త్రిప్పినవాడగును. అట్లు మాడిన ట్రాన్సిస్టరులు లెక్కకు మిక్కిలి.

ఇక తీగ. ఈ విషయమున నేను కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలయన ఇందులోని పొరపాటు మాటను కాక మనుష్యుని దహించును. నాలుగు వాట్ల ప్రసారమునకు ఒకటి రెండు ఆంపియర్ల విద్యుత్తు చాలును. అంత స్వల్పమునకు జాగ్రత్త యేల యనిపించును. కాని ఆ తీగ మొదలు బ్యాటరీలో నున్నది. బ్యాటరీ ఇంజనును త్రిప్పి లేపుటకై పుట్టినది. దాని నోరు ఇనుమునకు తగిలినచో వందల ఆంపియర్లను క్షణములో క్రక్కును. రేడియో తీగ బానెట్టునుండి లోనికి పోవు రేకు రంధ్రపు అంచు కత్తివంటిది. జీపు రాళ్లపై కుదిలినప్పుడెల్ల ఆ అంచు తీగ తొడుగును కోయుచుండును. ఒకనాడు తొడుగు తెగి రాగి ఇనుమును తాకెనా, దారి పొడుగునను తీగ ఎర్రగా కాలి, పెట్రోలు గొట్టముల ప్రక్కనే మంట లేచును. అందుచేత పాతకాపులు చెప్పిన నియమము ఇది: రంధ్రమునకు రబ్బరు తొడుగు, తీగకు ఫ్యూజు, ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోపల. ఫ్యూజు రేడియోను కాపాడుటకని పలువురు తలంతురు. నిజమునకది తీగను కాపాడుటకు. రేడియో ప్రక్కన ఫ్యూజు పెట్టినచో, బ్యాటరీ నుండి అంతవఱకు గల తీగ అంతయు కాపు లేని చేనే.

కొందఱు రుణతీగకు కూడ బ్యాటరీవద్ద రెండవ ఫ్యూజు పెట్టుదురు. చూచినవారికి అది అతిజాగ్రత్తవలె తోచును. కాని కొండదారుల దెబ్బలకు ఇంజనును బ్యాటరీతో కలుపు లావుపాటి ఎర్తుపట్టీ యెన్నడైనను తెగినచో, స్టార్టరు త్రాగు విద్యుత్తంతయు వెనుకకు పోవుటకు వేఱు దారి వెదకి, ఏరియలు కేబులు పైపొరగుండ రేడియోలోనికి చొచ్చి, దాని సన్నని రుణతీగ వెంట బ్యాటరీ చేరజూచును. చిటికెనవ్రేలంత లేని తీగ ఏనుగు బరువు మోయవలసివచ్చును. అది యెఱిగినవారు పెట్టిన కట్టడి యది. బిగించుటకు ముందు బ్యాటరీనుండి ఎర్తు కొసను మొదట విప్పవలెననుటకును ఇట్టి కారణమే: ధనకొసను మొదట విప్పునప్పుడు పానా పొరపాటున ఒడలికి తగిలినచో నిప్పులు రాలును, ఎర్తు ముందే విడిపోయినచో తగిలినను ప్రమాదము లేదు. ఇందును ఒక చిక్కు కలదు. 1960ల దశకము చివరివఱకు ఇంగ్లండులో చేసిన ల్యాండ్‌రోవరులకు ధనకొసయే ఎర్తు. అమెరికా అలవాటుతో వానిలో రేడియో బిగించినవారు ఎఱ్ఱతీగను నల్లదనుకొని నష్టపోయిరి. 1950ల నడిమివఱకు అమెరికా బండ్లు పెక్కు 6 వోల్టులవి; వోల్టులు సగమైనచో అంతే పనికి విద్యుత్తు రెండింతలు పాఱును గనుక తీగయు లావు కావలెను. పొగగొట్టమునకు దూరముగా, ఏరియలు కేబులునకు ఎడముగా, చట్రము మెలిదిరిగినప్పుడు లాగబడకుండునట్లు కొంత వదులుగా, నాలుగంగుళముల కొక చోట కట్టుచు తీగను నడిపించుట చూచినప్పుడు, పందిరిపై మల్లెతీగ నెక్కించు చేతుల నేర్పు నాకు జ్ఞాపకము వచ్చును.

1973 శరత్తువఱకు ఇదంతయు కొద్దిమంది విద్య. ఆ అక్టోబరులో అరబ్బు దేశములు చమురు నాపివేయగా, 1974 జనవరిలో అమెరికా ప్రభుత్వము గంటకు 55 మైళ్ల వేగపరిమితిని దేశమంతటను విధించెను. ఏ బంకులో నూనె యున్నది, ఏ వంతెన క్రింద పోలీసు దాగియున్నాడు అనునది తెలిసికొనుటకు లారీ డ్రైవర్లు సీబీని చేపట్టిరి. 19వ ఛానెలు వారి రచ్చబండ యైనది. 9వ ఛానెలు అంతకు ముందునుండియే ఆపదలకై విడువబడియున్నది. 1962లో ఏర్పడిన రియాక్ట్ అను స్వచ్ఛంద సంఘమువారు దానిని రేయింబవళ్లు వినుచు, దారిలో చిక్కినవారికి సాయము పంపుచుండిరి. లారీవారి పలుకుబళ్లను 1976 మొదటి దినములలో సీ. డబ్ల్యూ. మెకాల్ అను గాయకుని ‘కాన్వాయ్’ పాట దేశమంతట ప్రాకించెను. అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు సైతము ‘ఫస్ట్ మామా’ అను మాఱుపేరుతో సీబీలో మాటాడెను. లైసెన్సు రుసుము 20 డాలర్ల నుండి 4 డాలర్లకు తగ్గెను. 1977 జనవరి 1 నుండి ఛానెళ్లు 40 అయ్యెను. 1983లో లైసెన్సే తొలగిపోయెను. ప్రతి సంవత్సరమును తపాలా కచేరిలో రేడియో లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనిన మన తరమువారికి, ఆ స్వేచ్ఛ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ వెఱ్ఱియే బిగింపు విద్యను చెఱచినది కూడ. ఏరియలు చూచి దొంగలు కార్లు పగులగొట్టుచుండుటచే, రాత్రి రేడియోను విప్పి యింటికి కొనిపోవునట్లు జనులు వానిని సిగరెట్టు వెలిగించు సాకెట్టునకు తగిలింపసాగిరి. ఆ సాకెట్టు మొన కుదుపునకు వదలి, వదలిన ప్రతిసారియు లోపల నొక రవ్వ పుట్టును. ఇంజను సడి కూడ ఆ తీగవెంటనే రేడియోలోనికి వచ్చును. రాజమార్గమున పోవు కారున కది సరిపోయెనేమో గాని, రాళ్లబాట జీపునకు సరిపోలేదు. అందుచేత లారీల సందడి అణగిన పిదపను కొండదారుల సంఘములవారు పాత కట్టుబాట్లనే పాటించుచు, తీగను నేరుగా బ్యాటరీనుండి తెచ్చుకొనుచు, యాత్రలో ముందు బండివాడు దారి చెప్పుటయు, చివరి బండివాడు అందఱును దాటిరని పలుకుటయు నియమముగా నడపుకొనిరి. 1967 నుండి యూటా రాష్ట్రపు మోయాబులో ఈస్టరు సమయమున జరుగు జీపుయాత్రలలోను తరములపాటు సీబీయే అందఱికిని ఉమ్మడి కంఠము.

కాలము కొన్ని నియమములను తలక్రిందులు చేసినది. నేటి బండ్లలో పెక్కింటికి బ్యాటరీ రుణకొసపైననే విద్యుత్తు రాకపోకలను లెక్కించు పరికరమొకటి యుండును. రేడియో రుణతీగను నేరుగా ఆ కొసకు కట్టినచో లెక్క తప్పును గనుక, ఒడలిమీద నిర్మాత చూపిన ఎర్తుస్థానమునకే కట్టవలెను. తాతలు బ్యాటరీకే కట్టుమనిరి, మనుమలు కట్టవద్దనుచున్నారు. ఇరువురును తమ తమ బండ్లయెడ సత్యమే పలికిరి. ప్రమాదవేళ ఉబ్బు గాలిసంచుల దారికి అడ్డముగా తీగగాని మైకుగాని యుండరాదనునది తాతలెఱుగని మఱియొక నియమము. మంటరవ్వకు తోడు ఇప్పుడు ఎల్ఈడీ దీపములును, వోల్టులు మార్చు యంత్రములును సడి చేయుచున్నవి. రాత్రిపూట బండలను చూచుటకు బంపరుపై వరుస దీపములు పెట్టుకొనినవాడు, దీపము వెలిగించిన క్షణముననే తోడివారి మాటను పోగొట్టుకొనుచున్నాడు.

బ్రిటను 1981 నవంబరులో సీబీని అనుమతించినప్పుడు మొదటినుండియు ఎఫ్ఎమ్‌నే విధించెను. ఆస్ట్రేలియా 1977లో అనుమతించి, 27 మెగాహెర్ట్జ్‌తోపాటు 477 మెగాహెర్ట్జ్ ప్రాంతమున ఎఫ్ఎమ్ విభాగమును కూడ పౌరులకిచ్చెను; నేడు అక్కడి ఎడారిబాటలలో వినిపించునది ముఖ్యముగా ఆ రెండవదే. భారతప్రభుత్వము 2005లో 27 మెగాహెర్ట్జ్ చుట్టుపట్ల 5 వాట్లకు మించని యంత్రములకు లైసెన్సు నక్కఱలేదని నియమము చేసెను. అమెరికా సంఘమువారు మాత్రము 2021లో గాని సీబీ యంత్రములలో ఎఫ్ఎమ్ వాడుటకు అనుమతి నీయలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంటులు పొందిన నాటినుండి అప్పటికి 88 ఏండ్లు.

ఆ అనుమతి వచ్చునప్పటికి రూబికాన్ బాట మొదలువద్ద పెక్కు బండ్లలో వేఱు తరంగముల రేడియోలు చేరినవి. విద్యుత్తుచే కొంత దూరము నడచు జీపులు కూడ ఆ బండలను ఎక్కినవి. అవి నిప్పురవ్వ లేకుండ నడచునంతసేపు వాని యంత్రాంగము వేఱొక సడిని పుట్టించును. అది ఏఎమ్ రేడియోను పాత రవ్వకంటె తక్కువగా బాధింపదు. ఆ సడిని అణచుటకు నేడును బండివాడు బానెట్టు నెత్తి, రంగు గీకి, రేకునకును చట్రమునకును నడుమ జడవలె అల్లిన రాగిపట్టీని బిగించుచున్నాడు.